వెబ్‌సైటు పేరునకు పూచీ ఎవరు?

పెద్ద అంబర్‌పేట్ వద్ద హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారియు, నగరమును చుట్టివచ్చు ఔటర్ రింగు రోడ్డును కలిసికొనును. ఆ రింగు రోడ్డు టోలుగేటు వద్ద చిల్లర లెక్కించుకొనవలసిన పని నేడు లేదు. బండి అద్దమునకు అంటించిన ఫాస్టాగ్ స్టిక్కరును యంత్రము చదివి, దానికి చెందిన ఖాతానుండి రుసుము తీసికొనును. ఖాతాలో సొమ్ము తరిగినప్పుడు బండి యజమాని చేతిలోని ఫోనులో బ్యాంకు వెబ్‌సైటును తెరచి, తన పాస్‌వర్డును టైపుచేసి, మరికొంత సొమ్ము జమచేయును.

ఈ పని రెండు మూడు నిమిషములలో ముగియును. కాని ఆ పాస్‌వర్డు ఫోనునుండి బ్యాంకు కంప్యూటరును చేరుటకు తిన్నని దారి యేదియు లేదు. ఫోను దానిని దగ్గరలోని టవరునకో, దుకాణములోని వైఫై పెట్టెకో అందించును. అచ్చటినుండి అది టెలిఫోను కంపెనీ యంత్రములకును, వానినుండి మరికొన్ని సంస్థల యంత్రములకును చేతులు మారుచు పోవును. ఈ నడిమి యంత్రములు ఖాతాదారునివి కావు, బ్యాంకువియు కావు.

కావున ఇచ్చట మూడు ప్రశ్నలు పుట్టును. నడిమివారు ఆ పాస్‌వర్డును చదువగలరా? అవతలి కొసన ఉన్నది నిజముగా ఆ పేరుగల వెబ్‌సైటేనా? ఆ పేరు పెట్టుకొన్నవారు నమ్మదగినవారేనా? మొదటి ప్రశ్నకు రహస్యలేఖనము సమాధానము చెప్పును. రెండవదానికి ధ్రువపత్రము, అనగా సర్టిఫికెట్టు, సమాధానము చెప్పును. మూడవదానికి ఈ రెండును సమాధానము చెప్పజాలవు. చెప్పునని పొరబడుటవలన ఎందరో సొమ్ము పోగొట్టుకొనుచున్నారు. కనుక ఈ మూడు ప్రశ్నలను విడివిడిగా పరిశీలించుట అవసరము.

కార్డు, కవరు

తపాలా కార్డుమీద వ్రాసిన మాటను దారిలో ఎవరైనను చదువవచ్చును. అతికించిన కవరులోని మాటను చదువవలెనన్న కవరు చింపవలెను. హెచ్.టి.టి.పి. అను పద్ధతిలో నడచు వెబ్‌సైటునకు పంపిన సమాచారము కార్డువంటిది. ఆ పేరు చివర ఎస్ అను అక్షరము చేరినచో అది కవరువంటి దగును. సురక్షితము అను అర్థమిచ్చు ఆంగ్లపదమునకు అది మొదటి అక్షరము.

ఈ పోలిక ఇంతవరకే చెల్లును. కాగితపు కవరునకు ఆవిరి పట్టించి విప్పి మరల అతికింపవచ్చును. రహస్యలేఖనములో అట్లు సాగదు. ఇందు సమాచారమునంతటిని ఒక రహస్యసంఖ్య సాయముతో గణితవిధానమున మార్చివేయుదురు. ఆ సంఖ్యకు తాళపుచెవి అని పేరు. అది లేనివానికి కనబడునది అర్థములేని అంకెల వరుస మాత్రమే. అంతేకాక, సమాచారముతోపాటు దానినుండి లెక్కకట్టిన ఒక సరిచూపు గుర్తు కూడ పోవును. దారిలో ఒక్క అక్షరము మారినను ఆ గుర్తు సరిపోదు. అందుకొన్న కంప్యూటరు దానిని త్రోసివేయును. ఐదువందలను ఐదువేలుగా దిద్దుటకు నడిమివానికి వీలుండదు.

ఈ ఏర్పాటును వెబ్‌సైట్లకు తెచ్చినది నెట్‌స్కేప్ అను అమెరికా కంపెనీ. 1995లో అది వాడుకలోనికి వచ్చినది. దానిని సంస్కరించి 1999లో టి.ఎల్.ఎస్. అను పేరుతో ప్రమాణముగా ప్రకటించిరి. ఆ ప్రమాణమునకు మరింత గట్టిదైన రూపము 2018లో వెలువడినది. ఆ సంవత్సరము జూలైనుండియే గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు, కార్డు పద్ధతిలో నడచు ప్రతి వెబ్‌సైటు పేరు పక్కన అది సురక్షితము కాదని చూపసాగినది.

దీని మేలు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ వంటి చోట్ల బాగుగా తెలియును. అచ్చటి హాస్టళ్లలో, కోచింగు కేంద్రములలో ఒకే వైఫైని పదులకొలది విద్యార్థులు పంచుకొందురు. రహస్యలేఖనము లేని వెబ్‌సైటు విషయములో, ఆ వైఫైని చేరిన గడుసువాడు పక్కవాని పాస్‌వర్డును పట్టుకొనగలడు. రహస్యలేఖనము ఉన్నచో, పక్కవాడు ఏ వెబ్‌సైటుతో మాటలాడుచున్నాడో వానికి తెలియవచ్చును గాని, ఏమి మాటలాడుచున్నాడో తెలియదు.

తాళపుచెవిని పంపుట ఎట్లు?

ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. ఫోనునకును బ్యాంకునకును ఒకే తాళపుచెవి కావలెను. దానిని దారివెంట పంపినచో నడిమివారును చూతురు. పూర్వము సైన్యములు, రాయబార కార్యాలయములు ఇట్టి చెవులను నమ్మిన మనిషిచేత పంపెడివి. కోట్లమంది ఖాతాదారులకు అది సాధ్యము కాదు. ఈ చిక్కును విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించిన వ్యాసమున విప్పిరి. చెవిని పంపనక్కరయే లేదు. ఇరువురును ఎవరి చోట వారు ఒకే చెవిని తయారుచేసికొనవచ్చును.

చిన్న సంఖ్యలతో ఈ లెక్కను కాగితముమీద ఎవరైనను చేసి చూడవచ్చును. 2, 13 అను రెండు సంఖ్యలు అందరికిని తెలిసినవే అనుకొనుడు. ఫోను తనలో 4 అను సంఖ్యను రహస్యముగా ఉంచుకొన్నది. నాలుగు రెండులను ఒకదానితో నొకటి గుణించిన 16 వచ్చును. 16ను 13చే భాగించిన శేషము 3. ఈ 3ను ఫోను బహిరంగముగా బ్యాంకునకు పంపును. బ్యాంకు కంప్యూటరు తనలో 5ను రహస్యముగా ఉంచుకొన్నది. ఐదు రెండులను గుణించిన 32. దానిని 13చే భాగించిన శేషము 6. ఈ 6ను బ్యాంకు బహిరంగముగా ఫోనునకు పంపును.

ఇప్పుడు ఫోను తనకు వచ్చిన 6ను తీసికొని, నాలుగు ఆరులను గుణించును. 1296 వచ్చును, 13చే భాగించిన శేషము 9. బ్యాంకు తనకు వచ్చిన 3ను తీసికొని, ఐదు మూడులను గుణించును. 243 వచ్చును, 13చే భాగించిన శేషము 9. ఇరువురికిని 9 చిక్కినది, అదియే తాళపుచెవి. దారిలోనివాడు చూచినవి 2, 13, 3, 6 మాత్రమే. 9 అను సంఖ్య దారిలో ఎన్నడును ప్రయాణము చేయలేదు.

13 వంటి చిన్న సంఖ్య అయినచో దారిలోనివాడు ఒక్కొక్క సంఖ్యనే వేసి చూచి రహస్యమును కనుగొనగలడు. కాని దాని స్థానమున 617 అంకెలుగల ప్రధానసంఖ్యను తీసికొన్నారనుకొనుడు. రహస్యసంఖ్య తెలిసినవానికి శేషమును కట్టుట క్షణములో పని. శేషమునుబట్టి రహస్యసంఖ్యను కనుగొనుట మాత్రము నేటి కంప్యూటర్లకు, తెలిసిన పద్ధతులతో, అలవి కాని పని. నేటి ఫోన్లు ఇదే ఉపాయమును దీర్ఘవృత్తీయ వక్రముల గణితముతో, ఇంతకంటె చిన్న సంఖ్యలు వాడి, సాధించుచున్నవి. ప్రతి సంభాషణకును క్రొత్త చెవి తయారగును గనుక, ఒకనాటి చెవి దొంగల చేజిక్కినను అది మరునాటి సంభాషణకు పనికిరాదు.

నడుమ దూరిన మోసగాడు

ఈ లెక్క ఎంత గట్టిదైనను, దీనిలో ఒక లోపము మిగిలియున్నది. ఫోనునకు 6ను పంపినది బ్యాంకేనని ఎట్లు తెలియును? వైఫై పెట్టెను వశము చేసికొన్న మోసగాడు ఫోనుతో తానే బ్యాంకునని నటించి ఒక చెవిని, బ్యాంకుతో తానే ఖాతాదారునని నటించి మరొక చెవిని తయారుచేసికొనవచ్చును. అప్పుడు రెండు కవరులును గట్టిగనే అతికియుండును. వాడు మాత్రము ఒకదానిని విప్పి, చదివి, లోపలి మాటను రెండవదానిలో పెట్టి పంపుచుండును. ఎవరితో మాటలాడుచున్నదియు తెలియనిచో రహస్యముగా మాటలాడియు ప్రయోజనము లేదు.

దీనికి విరుగుడు డిజిటల్ సంతకము. 1977లో రివెస్ట్, షామిర్, ఆడిల్‌మన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు జంటచెవుల పద్ధతి నొకదానిని కనుగొనిరి. ఆ జంటలో ఒక చెవిని యజమాని దాచుకొనును. రెండవదానిని లోకమునకు చాటును. దాచిన చెవితో చేసిన సంతకమును, చాటిన చెవితో ఎవరైనను సరిచూడవచ్చును. దాచిన చెవి లేనివాడు ఆ సంతకమును చేయజాలడు. బ్యాంకు కంప్యూటరు తాను పంపు సంఖ్యతోపాటు ఇట్టి సంతకము నొకదానిని పంపినచో, నడిమివాడు నటించుటకు వీలుండదు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ చాటిన చెవి బ్యాంకుదేనని చెప్పువా రెవరు?

ధ్రువపత్రములో ఏమి ఉండును?

తహసీలుదారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రమును కళాశాల అంగీకరించుటకు కారణమేమి? విద్యార్థి కుటుంబము కళాశాలకు తెలియదు. కాని తహసీలుదారు పదవిని అది ఎరుగును. ఆ పదవికి వెనుకనున్న ప్రభుత్వమును ఎరుగును. వెబ్‌సైటు ధ్రువపత్రమును ఇట్టిదే. అందు ముఖ్యముగా ఐదు అంశము లుండును: వెబ్‌సైటు పేరు, దాని చాటిన చెవి, ధ్రువపత్రము చెల్లు మొదటి, చివరి తేదీలు, ధ్రువపత్రమును ఇచ్చిన సంస్థ పేరు, ఆ సంస్థ సంతకము.

ఆ సంస్థ సంతకమునకు దాని పైసంస్థ పూచీపడును. ఇట్లు పైకి పోగా చివరకు ఒక మూలసంస్థ వచ్చును. నమ్మదగిన మూలసంస్థల చెవుల పట్టిక ఫోనులోనో, బ్రౌజరులోనో ముందుగనే అమర్చబడియుండును. ఈ పట్టికలను ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా వంటి సంస్థలు నిర్వహించుచున్నవి. వెబ్‌సైటును తెరచినప్పుడెల్ల బ్రౌజరు ఈ సంతకముల గొలుసును కొసవరకు సరిచూచును. తేదీ దాటలేదు గదా అని చూచును. ధ్రువపత్రములోని పేరును, తెరచిన వెబ్‌సైటు పేరును ఒక్కటేనా అని చూచును. ఒక్కటి తప్పినను తెరమీద హెచ్చరిక చూపును.

ధ్రువపత్ర మిచ్చుటకు ముందు సంస్థ పరిశీలించున దేమి? సాధారణమైన ధ్రువపత్రమునకు పరీక్ష ఒక్కటే: అడిగినవాని అధీనమున ఆ పేరుగల వెబ్‌సైటు ఉన్నదా? సంస్థ ఒక రహస్యపదమును ఇచ్చి, దానిని ఆ వెబ్‌సైటులో ఉంచుమని కోరును. ఉంచగలిగినచో ధ్రువపత్ర మిచ్చును. ఇదంతయు యంత్రములే నడపును. 2015 చివర లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఇట్టి ధ్రువపత్రములను ఎవరికైనను ఉచితముగా ఇయ్యసాగినది. దానివలన చిన్న పాఠశాలకును, చిన్న దుకాణమునకును ఖర్చులేకయే రక్షణ లభించినది. అయితే, అడిగినవాని నడత ఎట్టిదో ఈ పరీక్షలో తేలదు. అది ఈ పరీక్ష ఉద్దేశమును కాదు.

పూచీదారే తప్పినచో

ఈ ఏర్పాటు అంతయు ధ్రువపత్ర మిచ్చు సంస్థల జాగ్రత్తమీద ఆధారపడియున్నది. 2011లో నెదర్లాండ్స్ దేశపు డిజినోటార్ అను సంస్థ కంప్యూటర్లలోనికి దొంగలు చొరబడి, గూగుల్ మొదలగు పేర్లమీద దొంగ ధ్రువపత్రములను సృష్టించిరి. వానితో ఇరాన్ దేశములోని వాడుకదారుల సంభాషణలను దారిలో పట్టుకొనిరి. సంగతి బయటపడగానే బ్రౌజర్లు ఆ సంస్థను పట్టికనుండి తీసివేసినవి. ఆ సెప్టెంబరులోనే సంస్థ దివాలా తీసినది.

మన దేశమునకును ఇట్టి అనుభవము కలిగినది. ఎన్.ఐ.సి. అని పిలువబడు జాతీయ సమాచార కేంద్రమునకు చెందిన ధ్రువీకరణ విభాగమునుండి, గూగుల్‌కు చెందిన కొన్ని పేర్లమీద అనుమతిలేని ధ్రువపత్రములు వెలువడినట్లు 2014 జూలై 2న గూగుల్ కనుగొన్నది. దేశములో ఇట్టి సంస్థలపై అధికారముగల ధ్రువీకరణ సంస్థల నియంత్రణాధికారి కార్యాలయము మరునాడే ఆ విభాగపు మధ్యస్థ ధ్రువపత్రములను రద్దుచేసినది. భారతీయ మూలచెవి మైక్రోసాఫ్ట్ పట్టికలో ఉండుటచే, ఈ ప్రమాదము విండోస్ కంప్యూటర్లకు వర్తించినది. సొంతపట్టికను వాడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరునకు అది తగులలేదు.

ఇట్టి సంఘటనలనుండి రెండు సంస్కరణలు వచ్చినవి. మొదటిది, బహిరంగ చిట్టా. 2018 ఏప్రిల్ 30 తరువాత ఇచ్చిన ధ్రువపత్రములు అందరును చూడదగిన చిట్టాలలో నమోదు కానిచో క్రోమ్ వానిని అంగీకరింపదు. తన పేరుమీద ఇతరులు ధ్రువపత్రము తీసికొన్నారేమో సంస్థలు ఆ చిట్టాలో వెదకి తెలిసికొనవచ్చును. రెండవది, ఆయువును తగ్గించుట. 2020 సెప్టెంబరులో ధ్రువపత్రపు గరిష్ఠ ఆయువును 398 దినములకు కుదించిరి. 2025 ఏప్రిల్‌లో ధ్రువపత్ర సంస్థలును, బ్రౌజరు సంస్థలును కలిసి మరియొక నిర్ణయము చేసినవి. దాని ప్రకారము ఈ గడువు 2026 మార్చి 15నుండి 200 దినములు, 2027 మార్చి 15నుండి 100 దినములు, 2029 మార్చి 15నుండి 47 దినములు. దొంగిలింపబడిన చెవి ఎంత త్వరగా చెల్లకపోయిన అంత మేలు.

పేరు సరియే, మనిషి దొంగ

ఇక మూడవ ప్రశ్న. 'కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి సరఫరా నిలిపివేయుదుము' అనియు, 'ఫాస్టాగ్ వివరములు సరిచేయనిచో ఖాతా ఆగిపోవును' అనియు ఫోనునకు సందేశములు వచ్చుచుండును. వానిలోని లింకును నొక్కినచో బ్యాంకు వెబ్‌సైటును పోలిన పుట తెరచుకొనును. ఎస్ అక్షరము ఉండును, ధ్రువపత్రము ఉండును, బ్రౌజరు ఏ హెచ్చరికయు చేయదు. ఏలయన, మోసగాడు తన సొంతపేరునకు తానే సరియైన ధ్రువపత్రమును తెచ్చుకొన్నాడు. అప్పుడు రహస్యలేఖనము తన పనిని లోపములేక చేయును: పాస్‌వర్డును దారిలో ఎవరి కంటను పడనీయక, భద్రముగా దొంగ చేతికే చేర్చును.

వెబ్‌సైటు పేరు పక్కన చాలకాలము తాళపుబొమ్మ నొకదానిని బ్రౌజర్లు చూపుచు వచ్చినవి. దానిని చూచి జనులు వెబ్‌సైటే నమ్మదగినదని భ్రమపడుచున్నారని గ్రహించి, క్రోమ్ 2023 సెప్టెంబరులో ఆ బొమ్మను తీసివేసి, దానిచోట వేరొక గుర్తును ఉంచినది.

ధ్రువపత్రము పేరునకు మాత్రమే పూచీ. కనుక ఆ పేరును చదువుట వాడుకదారుని వంతు. పేరును కుడివైపునుండి చదువవలెను. మొదటి ఏటవాలు గీతవరకు గల భాగమే పేరు; దానిలో చివరి ముక్కలే యజమానిని తెలుపును. 'ఫలానా.బ్యాంక్.ఇన్' అన్నచో అది బ్యాంక్.ఇన్ అను వాడలోని ఫలానావారి ఇల్లు. 'ఫలానా.బ్యాంక్.ఇన్.కొత్తపని.కామ్' అన్నచో అది కొత్తపని.కామ్ అనువాని ఇల్లు. ముందున్న ముక్కలు వాడు తన గుమ్మమునకు తగిలించుకొన్న బోర్డు మాత్రమే.

ఇట్టి బోర్డులవలన కలుగు మోసమును తగ్గించుటకు రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరి 7న ఒక ఏర్పాటును ప్రకటించినది. దాని ప్రకారము భారతదేశపు బ్యాంకులకు బ్యాంక్.ఇన్ అను ప్రత్యేకమైన చివరిపేరు ఏర్పడినది. బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోపల తమ వెబ్‌సైట్లను దానిలోనికి మార్చవలెనని 2025 ఏప్రిల్ 22నాటి ఉత్తరువు ఆదేశించినది. ఈ పేర్లను నమోదుచేయు అధికారము ఒక్క సంస్థకే ఇచ్చిరి. అది హైదరాబాదులోని మాసాబ్ ట్యాంక్ వద్ద నున్న బ్యాంకింగు సాంకేతికాభివృద్ధి పరిశోధన సంస్థ, ఐ.డి.ఆర్.బి.టి. అని ప్రసిద్ధము. రిజర్వు బ్యాంకు దీనిని 1996లో స్థాపించినది. బ్యాంకులను కలుపు ఇన్ఫినెట్ అను సమాచారజాలమును 1999లో నడుపనారంభించినదియు, బ్యాంకులకు డిజిటల్ సంతకపు ధ్రువపత్రములను ఇచ్చుచు వచ్చినదియు ఈ సంస్థయే.

ఈ మార్పులోని సారమిది. కామ్ అను చివరిపేరును రుసుము చెల్లించినవా రెవరైనను కొనవచ్చును. బ్యాంక్.ఇన్ అను చివరిపేరును బ్యాంకు కానివారు పొందజాలరు. అనగా ధ్రువపత్రము చెప్పలేని మూడవ సమాధానములో కొంతభాగమును ఇప్పుడు పేరే చెప్పుచున్నది. ఆ పేరును చదివినవానికే ఈ మేలు దక్కును.

వాడుకదారుడు చేయదగినది

బ్యాంకు వెబ్‌సైటును సందేశములోని లింకు ద్వారా తెరువరాదు. పేరును తానే టైపు చేయవలెను. బ్రౌజరు హెచ్చరిక చూపినచో దానిని దాటి ముందునకు పోరాదు. ముందుగా ఫోనులోని తేదీ సరిగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. తేదీ తప్పిన ఫోనునకు మంచి ధ్రువపత్రమును చెల్లనిదిగా కనబడును. తేదీ సరిగా ఉన్నను హెచ్చరిక పోనిచో, ఆ వైఫైని వదలి మరొక మార్గమున ప్రయత్నింపవలెను. సందేశముతో వచ్చిన యాప్‌ను ఫోనులో ఎక్కింపరాదు. అట్టిది ఫోనులోపలనే కూర్చుండి, రహస్యలేఖనమునకు ముందే అక్షరములను చూడగలదు. ఓటీపీని ఫోనులో అడిగినవారికి చెప్పరాదు. ఏ ధ్రువపత్రమును నోటిమాటకు అడ్డుపడదు.

మోసము జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మరొక ఖాతాకు పోవుచుండగనే దానిని నిలుపుటకు అవకాశ ముండును. ఆలస్యమగుకొలది ఆ అవకాశము తగ్గును. పిమ్మట తన బ్యాంకునకు తెలిపి, పాస్‌వర్డును మార్చుకొనవలెను. ఇంటిలోని పెద్దలకు ఫోను వాడుట నేర్పువారు, బటన్లతోపాటు పేరు చివరి ముక్కలను చదువుటను కూడ నేర్పినచో, ఈ మోసములలో చాలవాటిని మొదటనే ఆపవచ్చును.